సోడా అంగట్లో దాచిన చివరి డబ్బా

మా చిన్నప్పుడు... మా మేనమామ మా అక్కకు ఒక మాట ఇచ్చాడు.

"సినిమా కడాకు సూడు సుంకమ్మా. సూసినాక నీ మొగుని కాడికి పోతానంటే పో, పోనంటే ఈడనే ఉండు. నిన్నెవురూ అడగరు."

గడపలో నిలబడి, ఆమె తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. నాకు తొమ్మిదేళ్లు. పక్కనే ఉన్నాను.

పోయిన నెల ఆదోనిలో ఒక రీమేకు చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఈ మధ్య పాత సినిమాలను మళ్లీ తీసినవి వరసగా చూస్తున్నాను లెండి. ఒకదాంట్లో హీరో నడవడానికే పది నిమిషాలు పట్టింది. ఇంకోదాంట్లో, పాతదాంట్లో ఒక్క చూపుతో తేలిపోయిన ముచ్చటకు మూడు పాటలు పెట్టారు. వాటిని క్షమించాను. దీన్ని క్షమించలేను. పేరు చెప్పను... అభిమానులు కొట్లాటకు వస్తారు.

అక్క అత్తగారిది ఆస్పరి. బావ చెయ్యి చేసుకునేవాడు. ఆమె ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఒకసారి వచ్చేస్తే పెద్దలు బలవంతంగా పంపారు. రెండు రోజులు నడిచి మళ్లీ మా ఊరు ఎమ్మిగనూరు వచ్చింది. నాన్న పోయినప్పటి నుంచి మేము మామ ఇంట్లోనే ఉన్నాం. ఈసారి ఆమె తనంతట తానే వెళ్లాలని పెద్దల ఆలోచన.

ఆ వారమే జట్కాకు మైకు కట్టి కొత్త బొమ్మ కరపత్రాలు పంచారు. మొగుడి దెబ్బలు ఓర్వలేక పుట్టింటికి చేరిన ఇల్లాలి కథ. ఆమె తిరిగి వెళ్లిందా లేదా, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేశారు. అక్క ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంది. "ఇది సూసినాక సెప్తా మామా" అంది. మామ మాట ఇచ్చింది అప్పుడే.

మామ పని సినిమా డబ్బాలు మోయడం. ఆదోనికీ మా ఊరికీ కలిపి ఒకటే ప్రింటు. ఆదోనిలో పొద్దుటాట ఆడిన రీళ్లను రేకు డబ్బాల్లో సర్ది, బస్సులో మా ఊరి మధ్యాహ్నం ఆటకు తెచ్చేవాడు. చివరి డబ్బా మాత్రం తర్వాతి బస్సులో, కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్లు. అది ఆలస్యమైతే లైట్లు వేసేవాళ్లు... ఈలలు, కేకలు. అప్పుడు మామ తెర ముందుకొచ్చి, డబ్బా వచ్చేదాకా జనానికి కథ చెప్పేవాడు. బాగా చెప్పేవాడు, అది ఒప్పుకోవాలి.

అక్కా నేనూ ఆ సినిమాకు వెళ్లిన రోజు మాత్రం ముందు డబ్బాలు కండక్టరు తెచ్చాడు. మామ ఆదోనిలోనే ఆగి ముగింపు చూసి, చివరి డబ్బా తానే తెచ్చాడని నాకు తర్వాత అర్థమైంది.

విశ్రాంతిలో అక్క సోడా తెమ్మంది. సోడా అంగట్లో బెంచీ కింద, తడి గోనెసంచి కప్పిన రేకు డబ్బా ఒకటి కనిపించింది. మూత మీద సున్నంతో రాసిన అంకె... చివరిదే. ఈ రోజు డబ్బా ముందే వచ్చేసిందని సంబరపడి లోపలికి పరుగెత్తాను.

తెర మీద మొగుడు బండి కట్టుకుని వచ్చాడు. ఆమె గడపలోకి వచ్చి నిలబడింది. తెర తెల్లబడింది. లైట్లు వెలిగాయి.

"ఓ డబ్బాలాయప్పా, కథ సెప్పబ్బా" అని నేల టికెట్టు వాళ్లు అరిచారు.

"ఉండప్పా, పెండ్లికూతురు మాదిరి సిగ్గుపడతాండాడు" అన్నాడు వాళ్లలోనే ఒకడు.

మామ తెర ముందుకొచ్చాడు. "బస్సు దారిలో సెడిపోయిందంట. డబ్బా రాదు. ఏమయితాదో నేనే సెప్తా, ఇనండి."

జనం వైపు కాదు, ఆడవాళ్లలో అక్క కూర్చున్న వైపు చూస్తూ చెప్పాడు. మొగుడు ఆమె కాళ్ల మీద పడ్డాడట. ఆమె కన్నీళ్లు తుడుచుకుని బండెక్కిందట...

నేను లేచి నిలబడ్డాను. "డబ్బా..." అన్నాను.

మామ చూపు నా మీద పడింది. కథ ఆపలేదు. చూపూ తిప్పలేదు. మేము అన్నం తినేది ఆ ఇంట్లోనే. కూర్చున్నాను.

"ఏందిరా?" అంది అక్క.

"ఏం లే."

బయటికొచ్చాక ఆమె కొంగు ముడి విప్పి, ఆ కాగితాన్ని కాలవలో వేసింది. "పొద్దన్నే పోతా మామా" అంది.

కబురంది రాత్రికే వచ్చిన బావ, మరునాడు తొలి బస్సుకు ఆమెను తీసుకుపోయాడు. మధ్యాహ్నం ఆటకు నేనొక్కణ్ణే వెళ్లాను. చివరి డబ్బా వేళకు వచ్చింది. తెర మీద ఆమె మొగుణ్ణి చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. గడియ చప్పుడు... అంతే, సినిమా అయిపోయింది.

అప్పటి నుంచి ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీ ముందు చదువుతాను. వందల పుస్తకాలు అలాగే చదివాను.

అక్కకు చెప్పలేదు. మొదట భయం. తర్వాత ఆమెకు పిల్లలు. ఆ తర్వాత... చెప్పి ఏం లాభం?

ఇప్పుడు ఆ సినిమానే మళ్లీ తీసిన ఈ రీమేకులో ముగింపు మార్చారు. మొగుడు కాళ్ల మీద పడతాడు. ఆమె కళ్లు తుడుచుకుని కారెక్కుతుంది, వెనక పాట వస్తుంది. అరవై ఏళ్ల కింద మామ అల్లిన అబద్ధమే, రంగుల్లో.

మొన్న ఆస్పరి వెళ్తే అక్క మనవరాలి ఫోన్లో అదే చూస్తోంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, వంకర మణికట్టుకు ఫోను ఆనించుకుని. అయిపోయాక నన్ను చూసి నవ్వింది.

"సూడరా నాగప్పా, అచ్చం మామ సెప్పినట్లే ఉండాది. ఇన్నేండ్లూ నాకు లోపల అనుమానముండె. పాపం... మామను ఊరికే అనుకుంటి."

నాకు నోరు రాలేదు. రెండోసారి.

పాత ప్రింటు ఎక్కడా మిగల్లేదంటున్నారు. ఇప్పుడు డబ్బాలూ లేవు, బస్సు కోసం ఎదురుచూపులూ లేవు. సినిమా మొత్తం జేబులోకే వస్తోంది... అయినా అసలు ముగింపును ఎవరో ఒకరు దాచేస్తూనే ఉన్నారు. మీకూ ఎవరైనా తప్పుడు ముగింపు చెప్పి ఉంటే కింద రాయండి, చదువుతాను.

ఈ రీమేకు తీసినవాణ్ణి నాలుగు తిట్టి మరిచిపోతాను. ఆ రోజు లేచి నిలబడి మళ్లీ కూర్చున్న తొమ్మిదేళ్లవాణ్ణి కూడా ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తానేమో. ఆ డబ్బా మీద తడి గోనె కప్పినవాణ్ణి మాత్రం వదలను. ఆయన పేరు ఉరుకుందప్ప. మా అమ్మకు సొంత తమ్ముడు.