గడ్డిని అడగమన్న సారు

గడ్డి సారు పోయారని మొన్న పొద్దున వనస్థలిపురం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నేను పాలు పిండుతున్నాను. "నాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారండీ" అంటుంటే చేతులు పొదుగు మీదే ఆగిపోయాయి. ఏమైందా అన్నట్టు బర్రె వెనక్కి తిరిగి చూసింది.

మేము నల్లగొండ నుంచి వచ్చి ఎల్బీ నగర్ వెనకాల ఆరు బర్రెలతో బతుకు మొదలుపెట్టినవాళ్ళం. పక్కనే ఖాళీ జాగా కిరాయికి తీసుకుని వాటి మేతకు నేపియర్ గడ్డి పెంచేవాళ్ళం. గడ్డి సారు కోస్తా మనిషి. పశువుల మేత మీద పరిశోధన చేసి రిటైరయ్యారు. ఒకరోజు పాల కోసం వచ్చి, గిన్నె నా చేతిలో పెట్టి, నేరుగా గడ్డిలోకి నడిచారు. పావుగంటకు మోకాళ్ళ నిండా మట్టితో బయటికొచ్చారు.

"అమ్మాయ్, దీనికి యూరియా ఎంత వేస్తారు?"

"లెక్కేం లేదు సార్. పచ్చగ కావాల్నంటే జర ఎక్కువనే ఏస్తం."

నవ్వలేదు, కోప్పడలేదు. "ఎక్కువేస్తే ఏమవుతుందో చూద్దామా?" అన్నారు, జాతరకు పోదామా అన్నంత హుషారుగా.

పుల్లలు పాతి నాలుగు చిన్న మళ్ళు చేశారు. ఒకదానికి యూరియా లేదు. తక్కినవాటికి ఒక గుప్పెడు, రెండు, నాలుగు. కోసిన ప్రతిసారీ విడివిడిగా తూచేవారు. రెండు గుప్పెళ్ళ దాకా గడ్డి బరువు బాగా పెరిగింది. నాలుగు గుప్పెళ్ళ మడి నిగనిగలాడింది కానీ, తూకంలో రెండు గుప్పెళ్ళ మడిని మించలేదు.

"మరి మిగతా యూరియాలోని నత్రజని ఎటు పోయినట్టు?" అని నన్నడిగారు. పదో తరగతి తప్పిన నన్ను!

"నాకేం ఎరుక సార్?"

"నాకూ పూర్తిగా తెలీదు. గడ్డినే అడగాలి." ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేనూ మా ఆయనా రోడ్డు మీద వంటావార్పుకు పోయేవాళ్ళం. బంద్‌ల వల్ల వరిగడ్డి లారీలు ఆగిపోయాయి. మేత చాలదన్న భయంతో, సారుకు చెప్పకుండా, జాగా అంతటా రెట్టింపు యూరియా చల్లాను. తర్వాత వాన పడలేదు, బోరూ ఎండింది. గడ్డి ఎదగలేదు కానీ ముదురాకుపచ్చగా ఉంది. ఒక బంద్ రోజు పొద్దున అదే కోసి వేశాను. కాసేపటికే చూలు బర్రె రొప్పుతూ, కాళ్ళు వణికి కూలబడింది. సారుకు ఫోన్ చేశాను.

"దాని పళ్ళ చిగుళ్ళు ఏ రంగున్నాయి?"

"చాక్లెట్ లెక్క అయినయ్ సార్!"

"మేత మొత్తం తీసెయ్యమ్మా. వస్తున్నా."

బస్సుల్లేవు, ఆటోల్లేవు. తన వీధిలో ఉండే పశువుల డాక్టరును వెంటబెట్టుకుని నడుస్తూ బయలుదేరారు. దారిలో ఉద్యమకారులు ఆపారట.

"యాడికి పెద్దాయనా? బంద్ అని తెల్వదా?"

"తెలుసు బాబూ. గేదె చచ్చిపోయేలా ఉంది."

గేదె అన్న మాట వినగానే ఆంధ్రా ఆయనని వాళ్ళకు తెలిసిపోయింది.  అయినా ఒకతను చేతిలో జెండా పక్కవాడికిచ్చి బండి తీశాడు. "బర్రె పాణం పోతుంటే బంద్ ఏంది? కూసోండి." ఇద్దరినీ ఎక్కించుకుని మా కొట్టం దాకా తెచ్చాడు.

డాక్టరు నీలంరంగు విరుగుడు మందు నరానికెక్కించాడు. సాయంత్రానికి బర్రె లేచింది. కడుపులో దూడ మాత్రం దక్కలేదు.

"మీకు చెప్పకుంట చల్లిన సార్" అని ఏడ్చాను. ఆయన గడ్డి కాండం ఒకటి విరిచి చూపించారు. "నీళ్ళుంటే గడ్డి నత్రజనిని వాడుకుని పెరుగుతుంది. నీళ్ళు లేక వాడుకోలేకపోయింది. అదంతా ఇదిగో, ఇక్కడ పేరుకుపోయి విషమైంది." మళ్ళీ ఆయనే అన్నారు: "తప్పు నాది కూడా. నాలుగో మడి చూసినప్పుడే నీకు ఈ సంగతి చెప్పాల్సింది."

అప్పట్నుంచి ప్రతి కోత తర్వాత కొంచెం కొంచెంగా, తడి ఉంటేనే యూరియా వేస్తున్నాను. మళ్ళీ ఏ బర్రెకూ అలా కాలేదు.

చివరిసారి ఆయన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో చూశాను. సిగ్నల్ దగ్గర నా బస్సు ఆగింది. రోడ్డు మధ్య డివైడర్ పక్కన, చుట్టూ హారన్లు మోగుతుంటే, చేతికర్ర కింద పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నారు. సిమెంటు పగుల్లో మొలిచిన గడ్డి ఒకవైపు పాలిపోయి, ఒకవైపు పచ్చగా ఉంది. రెండు ఆకులు తుంచి, పక్కపక్కన పట్టుకుని, ఎండకెత్తి చూస్తున్నారు. కిటికీలోంచి పిలిచాను. వినబడలేదు.