సగం వేలికి సాక్ష్యాలు

నా చిన్నప్పుడు గురజాల దగ్గర మా ఊళ్ళో జరిగిన ఒక మహాయుద్ధం గురించి చెబుతాను. పల్నాడు అనగానే మీరు కోళ్ళూ కత్తులూ ఊహించుకుంటారు కాబట్టి ముందే ఒప్పుకుంటాను, అవేవీ లేవు. చాపలమీద కూర్చున్న జనం, ఒక సగం వేలు, అంతే. ఆ వేలు కూడా అప్పటికే సమాధిలో ఉంది.

అది మా తాతయ్య ప్రాణస్నేహితుడి వేలు. మాచర్ల నాపరాళ్ళు లారీకెత్తుకొని నాగపూరు, కలకత్తా అంటూ తిరిగేవాడు గనక ఊరంతా ఆయన్ని లారీ తాత అనేది. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. ఆయన పోయాక చర్చి అయ్యగారు ఇంటిముందు పందిట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, తెలిసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే మావాళ్ళకు ఎడ్లపందెమంత పట్టుదల.

మొదట లేచినాయన, ఆ వేలు కలకత్తా రేవులో ఓడగొలుసుకు పోయిందని లారీ తాతే తనకు చెప్పాడన్నాడు. తర్వాతాయన నల్లమలలో చిరుతపులి అన్నాడు. ఇంకొకాయన నాగపూరులో రైలు తలుపు అన్నాడు. "ఏంది బావా, ఆ పులి రైలెక్కి కలకత్తా పోయి ఓడలో పనికి కుదిరిందా?" అని వెనకనుంచి ఎవరో అనేసరికి ఏడ్చేవాళ్ళు కూడా నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. సాక్ష్యంలో అబద్ధం కూడదన్నారు. సరే, నిజం ఇంటావిడకే తెలియాలి కదా అని అందరూ లారీ నాయనమ్మ వైపు తిరిగారు.

ఆమె కొంగు సర్దుకుంది. "నాకేం చెప్పలా. వచ్చేవాడు, అన్నం తిని పడుకునేవాడు. ఎన్నిసార్లడిగినా నవ్వి ఊరుకున్నాడు. మీకందరికీ ఇన్ని చెప్పాడని ఇయ్యాలే తెలిసింది."

తలా ఒక కథ పట్టుకొని కూర్చున్న జనం, పొరుగుచేలో కంకులు విరుస్తూ దొరికినట్టు తలలు దించుకున్నారు. ఆమె ఏడవలేదు. ఆ మనిషితో తను గడిపిన కాపురమంతా మొదటినుంచీ మళ్ళీ తడుముకుంటున్నట్టు నేలవైపే చూస్తోంది. నాకు భయమేసింది.

అప్పుడు మా తాతయ్య లేచాడు. చర్చిలో ప్రార్థన కూడా పెదాలు కదపకుండా చేసే మనిషి.

"నేనొకసారి వాడి లారీలో మద్రాసు దాకా పోయా చెల్లెమ్మా. ఆగిన ప్రతి హోటల్లో డ్రైవర్లకి నీ కథలే చెప్పేవాడు. వాగు పొంగితే మా ఇంటిది దూడను భుజానేసుకొని దాటిందని చెప్పాడు. వాళ్ళు నిన్ను చూడాలన్నారు."

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. "దూడ కాదన్నా, మేకపిల్ల. దూడను మోస్తే నేనేడ మిగులుతా," అని కొంగు నోటికడ్డం పెట్టుకొని అప్పుడు ఏడ్చింది. అయ్యగారు ఇక విచారణ మాని ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాలకు ముందు చేతులు కడుక్కునే చోట తాతయ్యను పట్టుకున్నాను. ఆయన జన్మలో నరసరావుపేట దాటలేదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆమె మేకపిల్లతో వాగు దాటిన రోజు ఒడ్డున నిలబడి చూసింది ఆయనే. మరి దూడ అన్నావేం అని అడిగాను.

"మేకపిల్లంటే నేను చూసింది అయితది. దూడంటేనే వాడు చెప్పినట్టుంటది."

కూడికలో అబద్ధమాడటం ఆయనకు అదే మొదలు.

ఇన్నేళ్ళుగా ఏ కూడికకు వెళ్ళినా, కథలు చెప్పేవాళ్ళను వదిలేసి, చెప్పడానికి ఏమీ లేక కూర్చున్న మనిషి కోసం వెతుకుతాను. కనిపిస్తే పక్కన కూర్చుని, పోయినవాళ్ళు వాళ్ళ గురించి అన్న మాట ఒకటి చెబుతాను. కొంచెం పెంచే చెబుతాను.

ఆ రోజు మాత్రం సాక్ష్యాలు సాగి సాగి పప్పుచారు చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేద్దామంటే కట్టెలు లేవు.