బూడిదలో ఏడు కాయలు

నా చిన్నప్పుడు ఆగిరిపల్లి తోటల్లో మామిడి కోతకు వెళ్లే ఆడవాళ్లు ఇంటి నుంచి అన్నం మాత్రమే మూట కట్టుకెళ్లేవారు. కూర అక్కడే తయారయ్యేది. తోట చివర ఎండుపుల్లలతో మంట వేసి, నిప్పుల మీద బూడిద పట్టాక, తలా ఒక కాయ అందులో పూడ్చేవారు. వంకాయో, ఉల్లిపాయో, చిలగడదుంపో, ఎవరింట్లో ఏది ఉంటే అది. భోజనాల వేళకి అవి మెత్తగా మగ్గేవి. తొక్కలు వలిచి, ఉప్పు, పచ్చిమిరపకాయలు, పులుపుకి మామిడికాయ కోరు వేసి పెద్ద మూకుడులో కలిపితే అందరికీ అదే కూర.

అక్కడొక కట్టుబాటు ఉండేది. ఒకరు కాయ పూడ్చేటప్పుడు మిగతావాళ్లు అటు చూడకూడదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, మా అమ్మ వెంట నేనూ కోతకు వెళ్లేవాణ్ణి. బడి గడప తొక్కనివాణ్ణి. మామిడికాయలు లెక్కపెడుతూ గంపల్లోకి ఎత్తుతుంటే విని విని లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. దాంతో వచ్చిన పొగరు అంతా ఇంతా కాదు. ఒకరోజు పొద్దున మా పక్కింటి అక్క, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, "ఏరా లెక్కల మేష్టారూ, నీ ముక్కు ఎన్ని చుక్కలు కారిందో చెప్పు ముందు" అని ఆటపట్టించింది. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం కూర కలిపే ముసలమ్మ పుల్లతో బూడిద కదిపి కాయలు బయటికి లాగుతుంటే, పక్కనే నిలబడి పైకి లెక్కపెట్టాను. ఆడవాళ్లు ఎనిమిది మంది. కాయలు ఏడే.

"ఎవరో వెయ్యకుండానే తింటున్నారు" అన్నాను, అక్క వైపే చూస్తూ.

"నీకెందుకురా ఆ ఆరాలు?" అని ముసలమ్మ కసిరింది. నేను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అప్పుడు అక్క చెంగుతో మొహం తుడుచుకుని, "నేనేలే మామ్మా. హడావుడిలో వంకాయ గుమ్మంలోనే మర్చిపోయొచ్చా. దొరగారు పట్టేశారు" అంది. ఆ పూట ఉప్పు నంజుకుని తింది. నేను గెలిచినవాడిలా అందరికంటే ఎక్కువ కూర వేయించుకున్నాను. కడుపులో బాగాలేదని మా అమ్మ అన్నం మూట విప్పలేదు.

సాయంత్రం ఇంటికి నడిచొస్తుంటే అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చాలా దూరం వచ్చాక నెమ్మదిగా చెప్పింది. "అక్క కొంగున చిలగడదుంప కట్టుకురావడం నేను చూశాన్రా. వెయ్యంది నేను. ఇంట్లో ఉన్న ఒక్క వంకాయా నిన్న రాత్రి నువ్వు మారాం చేస్తే వండేశా. నువ్వు లెక్కపెడుతుంటే తలెత్తలేకపోయా."

అక్కడ అమ్మ తల దించుకోవడం నేను తప్ప అందరూ చూశారన్నమాట. నేను కమ్మగా తిన్న చిలగడదుంప అక్కదే. మర్నాడు ఆమెకి ఏదైనా చెప్పాలనుకున్నాను, కానీ గంప తీసుకుని చెట్టు చాటుకి పోయాను. ఆమె ఎప్పటిలాగే "రా లెక్కల మేష్టారూ" అని పిలిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ రోజుల్లో గుడికిచ్చిన ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు రాయించుకుంటున్నారు. గాలికి కూడా దాత పేరు కావాలా అని నలుగురిలో ఎన్నోసార్లు గొడవపడ్డాను. మా ఇంట్లోవాళ్లు నాది చాదస్తమంటారు. తొమ్మిదేళ్లప్పుడు నేను చేసిందీ అలాంటి పనేనని వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇవాళ మా మనవరాలు సెల్‌ఫోన్లో చూసి, వంకాయలూ క్యాప్సికమూ చిలగడదుంపలూ ఓవెన్లో కాల్చి, మధ్యాహ్నానికి సలాడ్ చేసింది. "తాతయ్యా, అందరికీ వస్తాయో లేదో ముక్కలు లెక్కపెట్టవా?" అని పళ్లెం నా ముందు పెట్టింది. నా వల్ల కాదన్నాను. చూపు మందగించిందనుకుంది పాపం. చూపు బాగానే ఉంది. పదిమంది తినే గిన్నెలో ఎవరేం వేస్తున్నా నేను మొహం అటు తిప్పుకుంటాను, అంతే.