పడవలో పులుపు వాసన

మా ఆయనతో పాతికేళ్లుగా వాదిస్తున్నాను. గెలుపెప్పుడూ నాదే. అందులో గొప్పేమీ లేదు. వాదన సగంలో ఉండగానే ఆయన లేచి తన పడవల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

పడవలంటే మనుషులెక్కేవి కావు. మూరెడు పొడవుండి బ్యాటరీతో నడిచేవి, గట్టు మీద కూర్చుని రిమోట్‌తో తిప్పేవి. పగలంతా లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెల వైరింగు చూసి, ఇంటికొచ్చాక మళ్లీ వైర్లే.

"పొద్దంత పెద్ద వైర్లు, పొద్దుమీకినంక చిన్న వైర్లు. నేను మనిషిని చేసుకున్ననా, కరెంటు స్తంభాన్ని చేసుకున్ననా?" అనేదాన్ని.

"స్తంభమైతే గిన్ని తిట్లకు ఎప్పుడో ఒరిగిపోతుండె," అనేవాడు తల ఎత్తకుండా.

పోయినేడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాటలు ఒకటీ అరా, అవీ వెతుక్కుని వెతుక్కుని. ఇప్పుడు నేను వాదన మొదలుపెడితే ఆయన లేచి వెళ్లలేడు, బదులూ చెప్పలేడు. గెలవడం ఇంత రోతగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

వర్క్‌షాపులో ఆయనతో పనిచేసిన స్నేహితుడొకాయన వచ్చి రిమోట్ విప్పి మార్చి ఇచ్చాడు. వేగమైనా మలుపైనా ఎడమచేతి వైపున్న పుల్లలాంటి మీటతోనే. "అన్నా, ఇగ ఒంటిచేత్తోని నడుపొచ్చు. జెర వానలు తగ్గనీ, చెరువుకు పోదాం," అన్నాడు. ఏడు నెలలుగా అన్నం కలిపి పెట్టేది నేను, చొక్కా గుండీలు పెట్టేది నేను. ఆయన తనంతట తాను చేయబోయే మొదటి పని ఇదే. ఆ రిమోట్‌ను ఒళ్లోంచి దించలేదు.

మిగిలిందల్లా పడవ లోపలి భాగాలకు నీళ్లు తగలకుండా చేయడం. రిమోట్ చెప్పిన మాట వినే చిన్న బోర్డొకటి ఉంటుంది లోపల, రిసీవర్ అంటారు. దాని మీద నీటిచుక్క పడితే అంతే సంగతి. ఆయన దానికి గోళ్లరంగు రెండు పూతలు పూసేవాడు. ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు రబ్బరు బుడగలో పెట్టి మూతి కట్టేవాడు. ఈసారి ఎడమచేత్తో ప్రయత్నించాడు. బోర్డు జారిపోతోంది, పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. సీసా నా ముందుకు జరిపి, "నువ్వు," అన్నాడు.

మూత తీస్తే రంగు ఎండి రాయైపోయింది. బజారుకు ఎవరు పోతారు? వాష్‌బేసిన్ అంచులకు పూయగా ప్లంబర్ వదిలేసిన సిలికాన్ ట్యూబు బాత్రూంలో ఉంది. బేసిన్ నీళ్లనే ఆపింది, ఈ బొమ్మపడవ నీళ్లను ఆపదా? బోర్డు నిండా పిండాను. గది అంతా పుల్లటి వాసన.

ఆయన మొహం చిట్లించి చెయ్యూపాడు. "వద్దు… వాసన."

"వాసనకు ఏమైతదయ్యా? వెనిగర్ వాసన అది, అసిటిక్ యాసిడ్. డిగ్రీల కెమిస్ట్రీ చదివిన నాకు నువ్వు చెప్తవా?"

"మూత… రేపు."

"రేపటిదాంక దుమ్ము తిననియ్యాల్నా?"

పచ్చిగా ఉండగానే బుడగలో పెట్టి మూతి బిగించాను. పడవ మూత చుట్టూ కూడా అదే పూసి మూసేశాను. గెలిచాను.

రెండు వారాలు వాన. తెరిపిచ్చిన ఆదివారం పొద్దున ముగ్గురం నేరేడ్‌మెట్ దగ్గరి చెరువుకు వెళ్లాం. కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాం. ఆయన పుల్ల కదిపాడు. పడవ వెళ్లింది. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టూ తిరిగింది. ఆయన మూతి ఒకవైపే నవ్వింది. ఆ తర్వాత పడవ మాట వినడం మానేసింది. వంకరగా కొంత దూరం పోయి చెరువు మధ్యలో ఆగింది. ఆయన పుల్లను నొక్కాడు, మళ్లీ నొక్కాడు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని ఎడమచేతి వేళ్లు మూసి, తెరిచి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది… సుత?"

"చెయ్యి మంచిగనే ఉందయ్యా, పడవకే ఏమో అయింది!" అన్నాను. స్నేహితుడు రిమోట్ తీసుకుని తిప్పాడు. "అన్నా, నా మాట సుత వింటలేదు, ఒట్టు!" అన్నాడు. ఆయన మా ఇద్దరినీ చూసిన చూపు నాకు తెలుసు. మంచిగయితది, మంచిగయితది అని ఏడు నెలలుగా అందరూ చెబుతుంటే చూసే చూపే అది.

"ఏం చేస్తం వదినా, గాలే ఒడ్డుకు తేవాలె," అన్నాడు స్నేహితుడు. గంటకు పైగా కూర్చున్నాం. ఇంత నోరుండి ఒక్క మాట పనికిరాలేదు. దేవుడా, తప్పు నాదే కావాలి, నాదే కావాలి అనుకుంటూ కూర్చున్నాను.

చివరికి పడవ గట్టున గడ్డిలో చిక్కింది. స్నేహితుడు కర్రతో లాగి, చాకుతో మూత లేపి, బుడగ కోశాడు. ఆ పుల్లటి వాసనే గుప్పున కొట్టింది. బోర్డు మీది రాగి గీతలన్నీ పచ్చటి చిలుము. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టిందని మొన్ననే పనిమనిషిని నానా మాటలూ అన్నాను. అదే చిలుము. ఆ పులుపును ఆరనివ్వకుండా రెండు వారాలు లోపలే బంధించింది నేను.

"చూడయ్యా, నా పనే ఇది! నువ్వు వద్దన్నవ్, నేనే ఖరాబ్ చేసిన. తిట్టు!" అని బోర్డు ఆయన చేతిలో పెట్టాను. పాతికేళ్లలో ఇంత ఇష్టంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

ఆయన బొటనవేలితో పచ్చదనాన్ని రుద్ది చూసి, "చిలుము," అని తలూపాడు. తిట్టలేదు. చేతి మీద అనుమానం అంతటితో తీరిపోయిందనుకున్నాను.

కొత్త రిసీవర్ కొన్నాం. కొత్త గోళ్లరంగు తెచ్చి రెండు పూతలు పూశాను. కిటికీ దగ్గర ఆరుతోంది, వేలు కూడా పెట్టలేదు. రిమోట్ మాత్రం స్టూలు మీదే ఉంది, ఆయన ముట్టుకోవడం లేదు. పేపరు చాటున ఎడమచెయ్యి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. నేను చూస్తే ఆగిపోతుంది.

"మూత రేపు పెడ్త, సరేనా? నువ్వు చెప్పినట్టే," అన్నాను ఇందాక.

ఆయన రిమోట్‌ను మోచేత్తో నావైపు జరిపాడు.

"నువ్వే… నడుపు."