లావక్క మొగుడికి ఏ రోగమూ లేదు

ఆ హోటల్ లాండ్రీ నేలమాళిగలో ఉంది. పై అంతస్తుల్లో ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లన్నీ పెద్ద గొట్టంలోంచి జారి అక్కడికే వచ్చిపడతాయి. ఉతికే యంత్రాల హోరు, ఇస్త్రీ రోలర్ల ఆవిరి, ఎప్పటికీ వదలని తడిగుడ్డ వాసన. మడత బల్ల దగ్గర ఆడవాళ్ళు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి దుప్పటి అంచులు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తారు. దగ్గరికి నడుస్తారు, అంచులు కలుపుతారు, మళ్ళీ విడిపోతారు. ఏళ్ళ తరబడి ఆ బల్ల దగ్గరే పనిచేసిన మనిషిని అక్కడ అందరూ లావక్క అనేవాళ్ళు. సూపర్‌వైజరు కూడా అలాగే పిలిచేవాడు. ఆమె ఏనాడూ మొహం మాడ్చుకోలేదు.

"చిన్నప్పుడు బళ్ళో డ్రమ్ము అనేవాళ్ళు. దానికంటే ఇదే నయం. చివర్న అక్క అయినా ఉంది," అనేది.

పుట్టడమే బొద్దుగా పుట్టింది. కూతురు పుట్టాక ఇంకాస్త ఒళ్ళు చేసింది. మోకాళ్ళు నొప్పి పుడుతున్నా బల్ల దగ్గర నిలబడితే నిలబడినట్టే పని చేసేది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. గట్టిగా గాలి వీస్తే ఎటు కొట్టుకుపోతాడో అన్నట్టుండేవాడు. లిఫ్టు పెట్టెకీ గోడకీ మధ్య సందులో వేరే ఎవరూ పట్టరు, ఆయన మాత్రం పక్కకి తిరిగి సులువుగా జారిపోయేవాడు. తోటి పనివాళ్ళు తీగ అని పేరు పెట్టారు. ఇద్దరూ కలిసి ఎక్కడైనా లిఫ్టెక్కితే చాలు, ఆయన చెవి రిక్కించి ఏదో వింటున్నట్టు నటించేవాడు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

"ఏం లేదే. బరువెక్కువైందని బెల్లు కొడుతుందేమోనని."

"కొడితే దిగేది మీరే. అయినా మీరు దిగినట్టు దానికి తెలియాలిగా!"

పక్కన ఎవరున్నా పట్టించుకోకుండా పగలబడి నవ్వుకునేవాళ్ళు.

హోటల్ వాళ్ళు ఏడాదికోసారి పనివాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఆరోగ్య పరీక్షలు పెట్టించేవాళ్ళు. పెళ్ళి విందులు జరిగే హాల్లో కుర్చీలు వరసగా వేసేవాళ్ళు. చెప్పులు విప్పి కాటా ఎక్కాలి, గోడకి వీపు ఆనించి నిలబడాలి. ఎత్తూ బరువూ నర్సు కంప్యూటరులో కొడితే ఒక అంకె వస్తుంది. దాన్ని బీఎంఐ అంటారు. ఆ అంకె పచ్చ గడిలో పడితే ఇంటికి వెళ్ళిపోవచ్చు. పసుపులో పడితే నాలుగు మంచిమాటలు చెప్పి పంపిస్తారు. ఎరుపులో పడితే రక్తం తీసే గదికి.

లావక్కది ప్రతిసారీ ఎరుపే. ఆ కంప్యూటరు తెర వరసలో ఉన్నవాళ్ళందరికీ కనబడేది.

"ఈ అంకె ఉన్నవాళ్ళకి షుగరు, బీపీ, గుండెజబ్బు ఎక్కువగా వస్తాయమ్మా. నోరు కట్టుకోవాలి," అనేవాడు డాక్టరు తలెత్తకుండానే. ఆమె వెనకే కాటా ఎక్కిన మొగుణ్ణి చూసి, "మీకేం లేదు, వెళ్ళండి," అనేవాడు.

ఆ ఎరుపు ఆమెకి మేలు చేయలేదని చెప్పలేం. ఒక ఏడాది బీపీ ఉందని బయటపడింది. పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవడం అప్పుడే అలవాటైంది. షుగరు మాత్రం ఎన్నిసార్లు సూది గుచ్చినా లేదనే వచ్చింది.

ఆ షుగరు అంటే ఇంట్లో అందరికీ హడలే. మామగారు దానితోనే పోయారు. అందుకని అత్తగారు కోడలికి కంటి మీద రెప్ప వేయకుండా కాపలా కాసేది. బిస్కెట్ల డబ్బా కోడలికి అందనంత ఎత్తున పెట్టేది. కొడుకు పనినుంచి రాగానే మాత్రం తనే స్టూలెక్కి దింపేది. "వాడికి పెట్టవే, ఎముకలు లెక్కపెట్టొచ్చు," అనేది. లావక్క కూడా ఆయన కంచంలో కొసరి కొసరి వడ్డించేది. తన నోటికి వేసిన తాళం ఆయనకి లేదు కదా, ఆయనైనా కడుపునిండా తినాలని ఆమె ఆశ.

"మామయ్యగారికి ఉండేది కదండీ, మీరూ ఒకసారి చూపించుకోకూడదూ?" అని ఒకటి రెండుసార్లు అడిగింది.

"మా నాన్న ఎంత లావుండేవాడే! ఆయనకి రాక ఎవరికొస్తుంది? నాకెక్కడుంది ఒళ్ళు?"

ఒళ్ళు లేదన్నది సగం నిజమే. చొక్కా విప్పితే ఆ సన్నటి కాళ్ళ మీద గుండ్రంగా, గట్టిగా ఒక బొజ్జ కనిపించేది. "కప్పని మింగిన పాములా ఉన్నారు," అని ఆమె వేలితో పొడిచి నవ్వేది. అందులో భయపడాల్సింది ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన ప్యాంట్లు వదులయ్యాయి. ఆమె నడుము దగ్గర కుట్టి బిగించింది. ఎంత తిన్నా ఒంటికి పట్టని అదృష్టవంతుడని తోటి పనివాళ్ళు మెచ్చుకున్నారు. ఆయన మంచం పక్కన పెద్ద నీళ్ళ సీసా చేరింది. అది తెల్లారేసరికి ఖాళీ అయ్యేది.

ఆ ఏడాది పరీక్షల్లో ఆయన అంకె పచ్చ గడిలోనే ఇంకాస్త కిందికి దిగింది. చూసిన నర్సు మెచ్చుకోలుగా తలాడించింది. లావక్క ఉండబట్టలేక ముందుకొచ్చింది.

"సిస్టర్, ఈయనకి దాహం బాగా ఎక్కువైంది. మనిషి కూడా చిక్కిపోతున్నారు."

"ఎండలు కదమ్మా. నీళ్ళు తాగడం మంచిదే."

"రక్తం తీసి చూడరా మరి?"

"పచ్చలో ఉన్నవాళ్ళకి రాయడం లేదమ్మా. పక్కకి జరగండి, లైను ఆగిపోతోంది."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. "ఊరుకోవే. నీ సూదులు నాకెందుకు?" అన్నాడు. తెర మీద ఆయన పచ్చటి అంకె పైన ఆమె ఎర్రటి అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. లావక్క తన సూది కోసం తను వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం ఆయన పనినుంచి వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విప్పి నీళ్ళగదిలోకి నడిచాడు. ఆమె వంటింట్లోంచి వస్తూ నేలకేసి చూసింది. గుమ్మం నుంచి నీళ్ళగది దాకా ఎర్రటి అడుగుజాడలు.

"ఏమండీ! కాలు!"

ఆయన గోడ పట్టుకుని అరికాలు పైకెత్తి చూసుకున్నాడు. లిఫ్టు కింది గోతిలో దిగినప్పుడు తొక్కి ఉంటాడు, ఒక ఇనుప మేకు బూటు అడుగులోంచి దిగి, విరిగి మాంసంలో ఉండిపోయింది. దాని మీదే రోజంతా తిరిగాడు. "అరె!" అన్నాడు, ఎదుటివాడి కాలు చూసినట్టు. ఆమె పట్టకారుతో పీకుతుంటే ఉలుకూ పలుకూ లేదు. ఎంత ఓర్పు మనిషి అనుకుందామె.

పుండు మానలేదు. వేళ్ళు నల్లబడ్డాయి, వాసన మొదలైంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ముందు రక్తం తీయించింది.

"షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"ఆయనకి లేదండీ."

"ఏళ్ళ తరబడి ఉంది. కాళ్ళలో నరాలు చచ్చిపోయాయి. అందుకే మేకు దిగినా తెలియలేదు. కిడ్నీలు కూడా బాగా దెబ్బతిన్నాయి."

"అదెలాగండీ? మనిషి ఇంత సన్నం. ప్రతి ఏడూ పచ్చలోనే వచ్చారు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ అంకె బరువెంతో చెబుతుంది. కొవ్వు ఎక్కడుందో చెప్పదు. ఈయనకి చేతుల్లో కాళ్ళలో కండ లేదు, ఉన్న కొవ్వంతా పొట్టలో పట్టింది. దానికి తోడు తండ్రికి షుగరు. నడుముకి ఒక టేపు చుట్టి చూసినా అనుమానం వచ్చేది." ఆగి, మెల్లగా అంది. "కాలు తీసేయాలమ్మా. మోకాలి కింది దాకా."

ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు ఆయన భార్యని దగ్గరికి పిలిచాడు. "కాలు పోతే అంకె ఇంకా తగ్గుతుందే. కంప్యూటరు మళ్ళీ మెచ్చుకుంటుంది," అన్నాడు. ఎప్పట్లాగే నవ్వించబోయాడు. ఆమె ఆయన చెయ్యి మొహానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది.

లిఫ్టుల సంస్థ వాళ్ళు ఆయన్ను పనిలోంచి తీసేయలేదు, ఫోను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళు లోపలి మీట నొక్కితే ఆ ఫోను మోగుతుంది. "భయపడకండి. గాలి వస్తూనే ఉంటుంది. తలుపు లాగొద్దు. మావాళ్ళు బయల్దేరారు," అని ఆయన చెబుతుంటే అవతలి మనిషి స్థిమితపడేవాడు. మనుషులు రావడం ఆలస్యమైతే కబుర్లు చెబుతూ కూర్చునేవాడు. ఇంటికొచ్చి మళ్ళీ లావక్కకి చెప్పేవాడు, ఇవాళ ఒక పెద్దావిడ తన మనవరాలి చదువంతా చెప్పిందనో, ఒకాయన పాట పాడాడనో. మొహం మాత్రం ఉబ్బిపోయి, రంగు మారిపోయి, గుర్తుపట్టలేనట్టు తయారైంది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఫోనులో ఎవరో "హలో, హలో, ఉన్నారా?" అని అరుస్తూ ఉంటే పక్క గదిలోంచి వచ్చి చూశారు. గుండె ఆగిపోయింది. ఛాతీలో నొప్పి వచ్చినా ఆయనకి తెలిసి ఉండదన్నారు డాక్టర్లు, అరికాలికి తెలియనట్టే.

పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "అంత సన్నటి మనిషికా! ఏ రోగమూ లేనివాడికా!" అంటుంటే వాళ్ళ చూపు తమకి తెలియకుండానే లావక్క మీదికి మళ్ళేది. లోపలి గదిలో అత్తగారు గోడకేసి తిరిగి పడుకుని, "పోవాల్సింది ఎవరు, పోయింది ఎవరు," అని గొణుక్కుంది. గుమ్మంలో ఉన్న లావక్కకి అది వినబడింది. ఆమెకి కోపం రాలేదు. అదే మాట తనూ అనుకుంటూ ఉంది మరి.

మళ్ళీ పరీక్షల రోజు వచ్చేసరికి కూతురు అదే హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగంలో చేరింది. తండ్రి పోలిక, అదే తీగలాంటి ఒళ్ళు. కాటా ఎక్కింది. పచ్చ.

"దీనికి రక్తం తీయండి సిస్టర్," అంది లావక్క.

"అమ్మా, అందరూ చూస్తున్నారు," కూతురు పళ్ళు బిగబట్టి అంది.

"అమ్మాయికి అవసరం లేదమ్మా, పచ్చలో..."

లావక్క నర్సు బల్ల ముందున్న కుర్చీలో కూలబడింది. "మీ లెక్కల్లో ఎరుపు ఒకటి కావాలంటే నాది రాసుకోండి. నా సూది దానికి గుచ్చండి. దాని తండ్రి షుగరుతో పోయాడు, తాత షుగరుతో పోయాడు. తీసేదాకా నేను లేవను."

ఈసారి వెనకాల ఎవరూ నవ్వలేదు. డాక్టరు తలెత్తి ఆమెకేసి చూశాడు. కాసేపటికి కాగితం అందుకుని రాశాడు.

జబ్బు ఇంకా రాలేదు గానీ అంచు మీద ఉందని వచ్చింది. తిండి మార్చుకుని, కండ పెంచుకుని, మూణ్ణెల్లకోసారి చూపించుకుంటే ఆపొచ్చేమో అన్నారు. తప్పకుండా ఆపొచ్చని ఎవరూ అనలేదు.

బస్టాపులో కూతురు రిపోర్టు కాగితం మళ్ళీ విప్పి చూసుకుంది. "ఇంత ఒళ్ళుండి నీకు లేదు, నాకా?" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. "నాన్న కోసం ఆ రోజు ఇలా ఎందుకు కూర్చోలేదమ్మా?"

"సిగ్గేసిందే," అంది లావక్క రోడ్డుకేసి చూస్తూ. "ఎర్రగడిలో ఉన్నదాన్ని, పచ్చగడిలో ఉన్నాయనకి ఏదో ఉందని నేనెలా చెప్పను అనిపించింది."

బస్సు వచ్చింది. మోకాళ్ళు పట్టేసి తల్లి మెట్టెక్కలేకపోతుంటే, కూతురు వెనకనుంచి నడుము కింద చెయ్యి వేసి పైకి తోసింది.