బడి ఉన్న రోజే రావాలి

పసుపు అమ్ముకోవడానికి ఆర్మూరు వచ్చినవాళ్లు పనిలో పనిగా పిల్లను కూడా చూసుకుని పోయేవారు. మా ఊళ్లో అప్పటి రివాజు అది. బేరం కుదిరేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని తండ్రీ కొడుకులు, వెంట ఒక మేనత్త, మార్కెట్టులో బండి విప్పి నేరుగా మా ఇంటికి వచ్చేవారు. చేతులకు పసుపు ఇంకా అంటుకునే ఉండేది. నన్ను నడిపించేవారు, జడ విప్పించేవారు, "జర గిటు తిరుగు బిడ్డా" అనేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పళ్లు బిగబట్టి తిరిగేదాన్ని.

అరవైల నడుమ సంగతి ఇది. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, పోచంపాడ్ దారిలో ఒక పల్లె బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. "జమానా మారింది, సదువుకున్న పిల్లనే కావాలె" అంటూ వచ్చినవాళ్లే, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేటప్పుడు "పెండ్లయినంక నౌకరి బంద్ జేస్తది గదా?" అని అడిగేవారు. నలుగురు వచ్చారు, నలుగురిదీ అదే మాట. చదువు కావాలట, కానీ అది సందూకులో మడిచి పెట్టుకోవాలట.

నాలుగో సంబంధం కూడా నేను వద్దన్నాక అమ్మ ఏడ్చింది.

"ఊరందరిదొక తొవ్వ, ఉలిపికట్టెదొక తొవ్వ. ఇరవై మూడేండ్లొచ్చినయి. ఇంకెవడొస్తడే నీకు?"

నాకూ భయం లేకపోలేదు. నా ఈడువాళ్ల చంకల్లో పిల్లలున్నారు. కానీ తెల్లారి లేచి బడికి పోకుండా ఎలా బతకాలో నాకు తోచేది కాదు. నాకు పెళ్లి కావాలి, బడీ కావాలి. ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

బాపు పసుపు రైతు. మర్నాడు పొద్దున ఆయన్ని పట్టుకున్నాను.

"బాపూ, కొనేటోడు కుప్పను మీదమీద సూసి కొంటడా?"

"యాడ కొంటడు? కొమ్ము ఇరిచి సూస్తడు. లోపలి రంగు గదా బిడ్డా అసలు."

"నా లోపలి రంగు గీ సాప మీద కనవడదు. నన్ను సూడాల్నంటే బడి ఉన్న దినం బడికి రమ్మను. ఒక్కణ్ణే రమ్మను."

బాపు తలకు చుట్టిన రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పసుపు మాట గనుక ఆయనకు ఎక్కింది. "జెప్త తియ్" అన్నాడు.

చుట్టాలంతా పొగరన్నారు. ఆరు నెలలు ఇంటి వైపు ఎవరూ తొంగి చూడలేదు. చివరికి కమ్మర్‌పల్లి నుంచి ఒక సంబంధం, పిల్లవాడు బడికే వస్తాడని కబురు పెట్టింది. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు.

ఒక రోజు నేను గోదావరి పాఠం చెబుతుండగా మా పెద్దసారు ఆయాసపడుతూ తలుపు దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చిండు! నీ క్లాసే సూస్తడట!"

ఆయన వెనకే ఒక మనిషి లోపలికి రాగానే పిల్లలంతా లేచి "నమస్తే సార్" అన్నారు. ఆ మనిషి తెల్లబోయి, వద్దన్నట్టు చేయి ఊపి, పోయి వెనక బల్ల మీద కూర్చున్నాడు. బడి ఇన్‌స్పెక్టర్లు ఇంత చిన్న వయసులో ఉంటారా అనుకున్నాను. అయినా పాఠం ఆపలేదు.

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. "టీచర్, పోచంపాడ్ కాడ కట్ట కడుతుండ్రు గదా. కడితే గోదారి ఆగిపోతదా?"

నాకు తెలియదు. ఇన్‌స్పెక్టరు ముందు ఏదో ఒకటి కల్పించి చెప్పి గట్టెక్కవచ్చు. "నాకు ఎరుక లేదమ్మా. తెలుసుకొని రేపు చెప్త" అన్నాను. తలుపు దగ్గర పెద్దసారుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనక బల్ల మీది మనిషి లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, మీరు సరేనంటే నేను జెప్పొచ్చునా?"

అప్పటిదాకా నన్ను చూడవచ్చిన వాళ్లలో, నాకు పై అధికారులైన వాళ్లలో, నన్ను అడిగి పని చేసిన మగవాడు ఒక్కడు లేడు. సుద్దముక్క ఇచ్చాను. నల్లబల్ల మీద కట్ట గీశాడు, తలుపులు గీశాడు, నీళ్లు ఎప్పుడు ఆగుతాయో ఎప్పుడు వదులుతారో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాడు.

గంట కొట్టగానే పెద్దసారు చాయ్ తెప్పించి, తనిఖీ పుస్తకం ముందు పెట్టాడు. ఆ వచ్చిన మనిషి అందులో రాశాడు. పెద్దసారు పైకి చదివాడు: "నేను బడి ఇన్‌స్పెక్టరును కాను. పోచంపాడ్ కట్ట మీద వర్క్ ఇన్‌స్పెక్టరును. పిల్లను చూడటానికి వచ్చాను. పాఠం బాగుంది."

పెద్దసారు చేతిలో చాయ్ ఒలికింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ మనిషి నాకు నచ్చాడు, దాచుకోవడం దేనికి.

వరండాలో ఆయన నెమ్మదిగా అన్నాడు. "మా అమ్మ నౌకరి ఇడిసిపెట్టాల్నంటది. ఇప్పుడైతే సరేనని పెండ్లి చేసుకుందాం. తర్వాత మెల్లగ ఒప్పిద్దాం."

సరేననడానికి నోటిదాకా వచ్చింది. అయితే సందూకు మూత ఒకసారి పడితే మళ్లీ తెరవడం ఎవరి తరం?

"ముందే ఒప్పియ్యుండ్రి. ఒప్పినంక ఆమెను తోలుకొని రాండ్రి. బడి ఉన్న దినమే" అని చెప్పి క్లాసుకు పోయాను. ఆ మధ్యాహ్నం ఎక్కాలు చెప్పిస్తూ రెండుసార్లు తప్పు చెప్పాను.

ఎనిమిది నెలలు గడిచాయి. అమ్మ నాతో మాట్లాడడం దాదాపు మానేసింది. నేను మాట మార్చుకోలేదు. రోజూ బస్సు దిగగానే బడి వరండా వైపు చూసేదాన్ని.

ఒక రోజు పెద్దసారు మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వుతున్నాడు. "టీచరమ్మా, ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. పెద్దిన్‌స్పెక్టర్‌ను గూడ తోలుకొచ్చిండు."

ఆయన తల్లి వెనక బల్ల మీద కూర్చుని పాఠమంతా కదలకుండా విన్నది. పిల్లలు బయటికి పోయాక అడిగింది. "నువ్వు పొద్దుగాల్నే ఈడికొస్తె ఇంట్ల వంటెవరు జేస్తరు?"

"నేను సగం జేసి వస్త. మీ కొడుక్కు గూడ రెండు చేతులున్నయి గదా అత్తమ్మా."

ఆమె కొడుకు చేతుల వైపు చూసింది. "ఉన్నయి. గిన్నేండ్లసంది కట్టెల లెక్క ఊగుడే తప్ప ఒక్క పనికి రాలే" అని పకపకా నవ్వింది. ఆ తర్వాత తనిఖీ పుస్తకం తెమ్మంది. చదువు రాదు. కొడుకు రాసిన మాటల కింద బొటనవేలికి బడి సిరా రాసుకుని, గట్టిగా ముద్ర వేసింది.

"మాటంటే మాటే. బడి బంద్ జెయ్యకు" అంది.

పెళ్లయ్యాక ముప్పై ఏళ్లకు పైగా నేను బడికి పోయాను. ఆమె బతికినన్నాళ్లూ ఆ వేలిముద్రకు కట్టుబడే ఉంది.