ఆరావళి చెరువులో తీసిన గుంట

ఫరీదాబాద్ వైపు ఆరావళి కొండల్లో చెరువులు చూడటానికి ఎలా వెళ్లాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. వెళ్లండి, కాదనను. కానీ తొంభైల మధ్యలో ఒక మే నెల ఆదివారం నేను వెళ్లొచ్చిన సంగతి విని మరీ వెళ్లండి. అప్పుడు సాకేత్‌లో మా పై వాటాలో సునంద అనే నర్సు ఉండేది, నరసాపురం అమ్మాయి. బాప్తిస్మం తీసుకోవాలనుకుంది. తొట్టిలో ససేమిరా కుదరదట, చెరువులోనే నిలువునా మునగాలట. "యమున ఉందిగా" అన్నాను. "ఆ కంపులోనా అన్నయ్యా! పాపాలు పోవడం అటుంచు, రోగాలు అంటుకుంటాయి" అంది. నర్సుతో నేనేం వాదిస్తాను?

ఉదయం ఆరింటికి పాస్టరుగారితో కలిసి ఓ పదిమందిమి మెహ్రౌలీ రోడ్డులో బస్సెక్కి బదర్‌పూర్‌లో దిగాం. అక్కణ్నుంచి టెంపో, మనిషికి అయిదు రూపాయలు. చెరువుకని చెబితే డ్రైవరు నవ్వాడు. "జల్దీ దేఖ్ లో భయ్యా" అన్నాడు, ఉన్నప్పుడే చూసేయండని. ఎనిమిదింటికల్లా చేరాం.

చూడగానే ఉసూరుమనిపించింది. షికారు పడవలు ఒడ్డున బోర్లా పడున్నాయి. నీళ్లు నడిమధ్యకు పోయి మోకాలి లోతున మిగిలాయి. గట్టు మీద హర్‌పాల్ అనే గేదెల కాపరి కూర్చుని ఉన్నాడు. వానలు పడేదాకా ఆ నీళ్లకు పంచాయతీ ఒక వరుస పెట్టిందని హిందీలో చెప్పుకొచ్చాడు. గట్టు పక్కనున్న మంచినీళ్ల బావికి ఊట ఈ చెరువుదే కాబట్టి ముందు బావి. తర్వాత గేదెలు. ఆఖరున పడవలు. పొలాలకైతే చుక్క తోడకూడదు. "మరి మేం మునగొచ్చా?" అని సునంద బెరుకుగా అడిగింది. "ధరమ్ కా కామ్ హై దీదీ, దానికి వరుసేమిటి? మీరేం నీళ్లు మోసుకుపోతారా!" అన్నాడు.

మోకాలి లోతులో మనిషి మునిగేదెలా? "గుంట తీద్దాం" అన్నారు పాస్టరుగారు. "వేసవిలో కాలవ కట్టేశాక మా ఊళ్లో అలాగే తీస్తాం. జానెడు తవ్వితే బుడబుడా ఊరతాయి. ఈ ఊరికీ మంచిదేనయ్యా." గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లు కదా, అందరూ తలలూపారు. హర్‌పాల్‌ కూడా అచ్ఛా అని సంబరపడి ఇంటి నుంచి పార తెచ్చిచ్చాడు. నల్లటి బంకమట్టి. నడుం లోతు దాకా తవ్వేసరికి పార రాయికి తగిలి ఠంగుమంది. ఇక చాలన్నారు. సునంద తెల్లచీరలో మునిగి లేచి ఏడ్చింది. ఒడ్డున అందరూ పాట ఎత్తుకున్నారు.

పులిహోర, కోడికూర తిని గిన్నెలు కడగబోతే నీళ్ల అంచు దూరం జరిగి ఉంది. "ఎండకేమో" అన్నారెవరో. ఎండకా, నా తలకాయా! గుంట మీద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. ఆ బంకమట్టి పొరే చెరువుకు కుండ, దాని కిందంతా పగుళ్ల బండ. మేం కుండకు చిల్లు పెట్టాం. పాస్టరుగారు చొక్కాతోనే దూకారు. మట్టిముద్దలు కుక్కాం, రాళ్లు కుక్కాం, సునంద విప్పేసిన తడిచీర కూడా కుక్కాం. దేనికీ ఆగలేదు. మూడింటికి బురద మిగిలింది. గేదెలు వచ్చి ఆ బురదను వాసన చూస్తూ నిలబడ్డాయి.

హర్‌పాల్‌ గేదెల్ని వెనక్కి తోలుకుంటున్నాడు. నేనే ఉండబట్టలేక, "తిట్టవయ్యా మమ్మల్ని!" అన్నాను. "కిస్‌కో గాలీ దూఁ? ఫావ్‌డా తో మేరా థా" అన్నాడు. ఎవర్ని తిట్టను, పార నాదే కదా అని. సునంద మర్నాడు డ్యూటీకి పోలేదు. రెండు వారాల్లో బావి ఎండిందని ఆ టెంపో డ్రైవరే తర్వాతెప్పుడో బదర్‌పూర్‌లో కనబడి చెప్పాడు.

ఎవరు ముందు తాగాలి, ఎవరు తర్వాత అని ఆ ఊరు బుద్ధిగానే వరుస పెట్టుకుంది. నీళ్లను పట్టి ఉంచే మట్టి పేరు మాత్రం ఆ వరుసలో లేదు. మాకూ తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు. చెడ్డవాడెవడైనా ఉంటే వాణ్ని తిట్టుకుని నిద్రపోయేవాణ్ని. అక్కడ చెడ్డవాడే లేడు, అయినా చెరువు పోయింది. ఇక దేన్ని నమ్ముకోవాలో నాకు తెలియదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మే నెలలో వద్దు, వానలయ్యాక వెళ్లండి. తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. అక్కడ ఎవరినీ అడగొద్దు. అడిగితే లేదనరు, ఉన్న కాసినీ ఇచ్చేస్తారు.